ట్యూబాలో దిబ్బడ స్వరాలు

ట్యూబా ఇత్తడి ఊదు వాయిద్యాల్లో అన్నిటికన్నా పెద్దది, అన్నిటికన్నా మంద్రంగా పలికేది. బాగున్న ట్యూబా స్వరం గుండ్రంగా విచ్చుకుని చుట్టూ పరుచుకుంటుంది. కొన్నిసార్లు అదే వాయిద్యంలో ఒకటి రెండు స్వరాలు, ఒక్కోసారి చాలా స్వరాలు, జలుబు చేసినవాడి మాటలా అణిగిపోయి, ఎంత ఊదినా బయటికి రానంటాయి. అలాంటి వాటిని ఈ వ్యాసంలో దిబ్బడ స్వరాలు అంటున్నాం. ట్యూబా జాతివే అయిన యుఫోనియం, సూసాఫోన్‌లకు కూడా ఇక్కడ చెప్పే విషయాలు దాదాపు అన్నీ వర్తిస్తాయి.

దిబ్బడకు కారణాలు చాలా ఉన్నా వెతకడానికి ఒక దారి ఉంది. ఏ స్వరం దిబ్బడ పడిందో ముందు తేల్చుకోవాలి. ఆ స్వరాల పట్టికే లోపం ఎక్కడుందో చూపిస్తుంది. ఒక వాల్వు (గాలిని అదనపు గొట్టంలోకి మళ్లించే మీట) నొక్కినప్పుడల్లా స్వరం మూగబోతుంటే లోపం ఆ వాల్వులోనో, దాని స్లైడులోనో (లాగితే జరిగే ఆ అదనపు గొట్టంలోనో) ఉంటుంది. ఏ వాల్వు నొక్కినా, నొక్కకపోయినా అన్ని స్వరాలూ అణిగి ఉంటే మౌత్‌పీసును, అది దూరే మొదటి గొట్టాన్ని, వాయించే మనిషి ఊపిరిని అనుమానించాలి. పైస్వరం, కిందిస్వరం బాగుండి మధ్యలో ఒక్కటే చెడితే ఎక్కడో గాలి కారుతుండవచ్చు. ఈ వరస పాటించకుండా వాయిద్యాన్ని నేరుగా టంకం వేసేవాడి చేతిలో పెడితే మంచి గొట్టం కూడా పాడవుతుంది.

దోర్నపాల్, చుట్టుపక్కల బూరలు

మరమ్మతు చేసేవాళ్లు దూరంగా ఉండే ఊళ్ల కోసం రాసిందీ వ్యాసం; అలాంటి దోర్నపాల్ ఛత్తీస్‌గఢ్ దక్షిణ కొసన, సుక్మా జిల్లాలో శబరి నదికి దగ్గరగా ఉన్న చిన్న పట్టణం. విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం నుంచి భద్రాచలం, కుంట, జగ్దల్‌పూర్, రాయ్‌పూర్ మీదుగా ఉత్తరాఖండ్ దాకా పోయే 30వ జాతీయ రహదారి మీద, సుక్మాకూ కుంటకూ మధ్య ఉంది. 2012లో దంతెవాడ నుంచి విడిపోయి సుక్మా జిల్లా ఏర్పడింది. తెలుగు, కోయ, దోర్లీ, గోండీ, హల్బీ, హిందీ కలిసి వినిపించే సరిహద్దు నేల ఇది. ఇక్కడి శబరి నీళ్లే కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తాయి.

పెదవులు అదిరించి ఊదే బూర ఈ అడవికి పాత చుట్టం. కోయలు అక్కుం అని పిలిచే కొమ్ము బూరలో గాలి పలికే సూత్రమూ ట్యూబాలో పలికే సూత్రమూ ఒకటే: ఒక కొస పెదవులతో మూసిన గొట్టం, రెండో కొస విచ్చుకున్న నోరు. ఈ జిల్లా ఉన్న బస్తర్ ప్రాంతపు దసరాలో వినిపించే మొహ్రీ మాత్రం సన్నాయి జాతిది. అందులో అదిరేది రెల్లు నాలుక. కొమ్ము బూరకు వాల్వులుండవు కాబట్టి దానికి వచ్చే జబ్బులూ తక్కువే. సన్నటి పగులు ఒక్కటి చాలు, స్వరం దిబ్బడ పడడానికి. ఆ పగులు ఎక్కడుందన్న దాన్ని బట్టి కొమ్ములోంచి వచ్చే రెండు మూడు స్వరాల్లో ఒకటి చెడి ఒకటి నిలుస్తుంది. ట్యూబాను అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా మంచి మొదటి పాఠం ఉండదు. ఇలాంటి బూరలకు కొమ్మునిచ్చే అడవిదున్నను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చింది కాబట్టి దాని కొమ్ములతో కొత్తగా బూరలు చేయడం నేరం. ఉన్న పాత బూరలను పదిలంగా కాపాడుకోవలసిన అవసరం అందువల్ల ఇంకా పెరిగింది.

ట్యూబా పుట్టింది బెర్లిన్‌లో. ప్రష్యా సైనిక బ్యాండ్ల నాయకుడు విల్‌హెల్మ్ వీప్రెష్ట్, వాయిద్యాల తయారీదారు యోహాన్ గాట్‌ఫ్రీడ్ మోరిట్జ్ 1835 సెప్టెంబరు 12న దానికి పేటెంటు పొందారు. అది ఐదు వాల్వుల వాయిద్యం. బ్రిటిష్ రెజిమెంట్ల బ్యాండ్ల ద్వారా ఈ జాతి వాయిద్యాలు మన దేశానికి వచ్చాయి. మీరట్‌లో నాదిర్ అలీ అండ్ కంపెనీ 1885లో మొదలైంది. ఆ ఊళ్లోని జలీ కోఠీ వీధులు నేటికీ దేశంలోని పెళ్లి బ్యాండ్లకు ఇత్తడి వాయిద్యాలు అందించే ప్రధాన కేంద్రం. మన పెళ్లి ఊరేగింపుల బ్యాండు మేళంలో ట్యూబా అరుదు. ట్రంపెట్, క్లారినెట్‌ల కింద పాటను మంద్రస్థాయిలో మోసే బరువు యుఫోనియం మీదే పడుతుంది. సూసాఫోన్, ట్యూబా ఎక్కువగా సైన్యం, పోలీసు, కేంద్ర బలగాల బ్యాండ్లలో కనిపిస్తాయి. బస్తర్‌లో పెద్ద సంఖ్యలో శిబిరాలున్న సీఆర్పీఎఫ్‌కు సొంత బ్యాండు ఉంది. సైనిక వాద్యకారుల శిక్షణకు మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో ప్రత్యేక విభాగం పనిచేస్తోంది.

స్వరం ఎందుకు దిబ్బడ పడుతుంది

బి ఫ్లాట్ ట్యూబాలో వాల్వులేవీ నొక్కనప్పుడు గాలి నడిచే గొట్టం పొడవు సుమారు 18 అడుగులు. ఇ ఫ్లాట్ ట్యూబాకు 13, యుఫోనియంకు 9. పెదవులు అదిరినప్పుడు ఒత్తిడి అల గొట్టం వెంట పోయి, గంట (విచ్చుకున్న చివరి నోరు) దగ్గర కొంత బయటికి వెళ్లి, మిగిలింది వెనక్కి తిరిగి పెదవులను చేరుతుంది. వెళ్లే అల, తిరిగొచ్చే అల కలిసి గొట్టం లోపల నిలిచిన అలగా ఏర్పడతాయి. అందులో కొన్ని చోట్ల ఒత్తిడి బాగా ఊగుతుంది, కొన్ని చోట్ల దాదాపు ఊగదు. స్వరం మారితే ఆ చోట్లూ మారతాయి.

దిబ్బడ రహస్యమంతా ఇక్కడే ఉంది. ఒత్తిడి బాగా ఊగే చోట సూదిమొన అంత కన్నం పడినా ఆ స్వరం కుప్పకూలుతుంది. ఒత్తిడి ఊగని చోట అదే కన్నం పడితే స్వరానికి ఏమీ కాదు. అందుకే నీళ్లు వదిలే తాళం కార్కు అరిగిన ట్యూబాలో ఒక స్వరం పూర్తిగా చెడి, పక్క స్వరం నిక్షేపంగా పలుకుతుంది. వాయించేవాడు తన పెదవులదే తప్పనుకుని నెలల తరబడి సాధన చేస్తూ పోతాడు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఒక స్వరం నిండుగా వినిపించాలంటే దాని పై అనుస్వరాలు కూడా గొట్టం సహజంగా పలికించే స్థాయిలతో కుదరాలి. అమెరికా భౌతిక శాస్త్రవేత్త ఆర్థర్ బెనేడ్ ఇత్తడి వాయిద్యాల మీద చేసిన పరిశోధన ఈ కుదురును స్పష్టంగా చూపించింది. సొట్ట, ఇరుకు, వదులు అతుకు ఏదైనా ఆ కుదురును చెడగొట్టవచ్చు. అయితే అన్ని సొట్టలూ ఒకటి కావు. గంట కింది వెడల్పాటి వంపులో అరచేయంత సొట్ట కంటికి బాధగా ఉంటుంది, చెవికి అంతగా తెలియదు. మౌత్‌పీసు తర్వాతి సన్నగొట్టంలో వేలిగోరంత సొట్ట మాత్రం సగం స్వరాల మీద దెబ్బ కొడుతుంది. మరమ్మతుకు డబ్బు తక్కువగా ఉంటే కనిపించే పెద్ద సొట్టను వదిలేసి చిన్నదానికే ఖర్చు పెట్టాలి.

ముందు మనిషి, తర్వాత వాయిద్యం

స్క్రూడ్రైవర్ ముట్టుకోకముందే చేయవలసిన పరీక్ష ఒకటుంది. అదే ట్యూబాను, అదే మౌత్‌పీసుతో, బాగా వాయించే ఇంకొకరికి ఇచ్చి అవే స్వరాలు పలికించమనాలి. తర్వాత మొదటి మనిషి ఇంకో ట్యూబా మీద వాయించాలి. దిబ్బడ వాయిద్యంతో వెళ్తే లోపం వాయిద్యానిది. మనిషితో వెళ్తే ఊపిరిది. వినేవాడు ఇరవై అడుగుల దూరంలో నిలబడాలి. ట్యూబా గంట పైకి చూస్తుంది కాబట్టి వాయించేవాడికి చెవి పక్కన వినిపించేదీ వాకిట్లోవాళ్లకు వినిపించేదీ ఒకటి కాదు.

మనిషి వైపు కారణాల్లో ముఖ్యమైనది చాలని ఊపిరి. చికాగో సింఫనీలో 1944 నుంచి 1988 దాకా ట్యూబా వాయించిన ఆర్నాల్డ్ జేకబ్స్ ప్రపంచమంతటి ఇత్తడి వాద్యకారులకు గురువు. ఊపిరిని గట్టిగా బిగించి నెట్టడం కన్నా ఎక్కువ గాలిని హాయిగా పారనివ్వడం ముఖ్యమని ఆయన జీవితమంతా నేర్పారు. పొట్ట బిగించి, గొంతు ముడిచి ఊదితే ఒత్తిడి పెరుగుతుంది, గాలి తగ్గుతుంది, స్వరం అణుగుతుంది. పళ్లు దగ్గరగా కరిచి ఉంచినా, నాలుక వెనుక భాగం పైకి లేచినా అదే ఫలితం. కూర్చున్న ఎత్తుకు మౌత్‌పీసు అందక మెడ వంచి వాయించేవాళ్లలో ఈ దిబ్బడ తరచుగా కనిపిస్తుంది. పొట్టివాళ్లు ట్యూబా కింద మడిచిన గుడ్డ పెట్టుకుని, మౌత్‌పీసును నోటి దగ్గరికి తెచ్చుకోవాలి. నోటిని మౌత్‌పీసు దగ్గరికి లాక్కుపోకూడదు.

మౌత్‌పీసు కూడా మనిషికి, వాయిద్యానికి మధ్య ఉన్న అనుమానితుడే. యుఫోనియంలకు చిన్న, మధ్య, పెద్ద మూడు రకాల తోకలున్న మౌత్‌పీసులు దొరుకుతాయి. చిన్న తోకదాన్ని పెద్ద గొట్టంలో దూర్చి కాగితం చుట్టి బిగించడం మేళాల్లో మామూలే. అలా చేస్తే లోపల మెట్టులాంటి ఖాళీ మిగిలి వాయిద్యమంతా దిబ్బడ పడుతుంది. కాగితం తీసేసి, సరైన తోకదాన్ని కొనడం ఈ జబ్బుకు ఒక్కటే మందు.

వాల్వులు

వాయిద్యంలోనే లోపముందని తేలాక ఎక్కువసార్లు దొరికే దొంగ వాల్వే. పిస్టన్ వాల్వులో గాలి దారులు కన్నాలుగా ఉంటాయి. నొక్కినప్పుడు, వదిలినప్పుడు ఆ కన్నాలు బయటి గొట్టాల నోళ్లకు సరిగ్గా ఎదురుపడాలి. ఒకటి రెండు మిల్లీమీటర్లు తప్పినా దారిలో గట్టు ఏర్పడి స్వరం అణుగుతుంది. ఈ ఎదురుపాటును నిలబెట్టేవి ఫెల్టు, కార్కు ముక్కలు. మామూలు పిస్టన్లలో వేలు నొక్కే బొత్తాం కింది ఫెల్టు నొక్కినప్పటి స్థానాన్ని, మూత లోపలి ఫెల్టు లేదా కార్కు వదిలినప్పటి స్థానాన్ని నిర్ణయిస్తాయి. కాబట్టి ఆ వాల్వు నొక్కిన స్వరాలే చెడితే బొత్తాం కింది ఫెల్టు చూడాలి. అది వదిలి ఉన్న స్వరాలన్నీ చెడితే మూత లోపలిది చూడాలి. వాల్వు స్లైడు తీసి టార్చి వేసి, పళ్ల డాక్టరు వాడే చిన్న అద్దంతో గొట్టంలోకి చూస్తే కన్నం అంచు నెలవంకలా పక్కకు జరిగి ఉండడం స్పష్టంగా కనిపిస్తుంది. కొత్త ఫెల్టు ఖరీదు బహు తక్కువ. ఫెల్టు దొరకకపోతే సరైన మందమున్న గట్టి బట్ట ముక్కను గుండ్రంగా కత్తిరించి తాత్కాలికంగా పెట్టవచ్చు. మెత్తటి స్పాంజి పెడితే మాత్రం ప్రతి నొక్కుకూ స్థానం మారుతుంది.

రోటరీ వాల్వులకు వెనుక మూత తీస్తే లోపలి ఇరుసు మీద, పలక మీద చిన్న గీతలుంటాయి. వాల్వు నొక్కినప్పుడూ వదిలినప్పుడూ అవి కలవాలి. కలవకపోతే రబ్బరు లేదా కార్కు ఆపుళ్లు అరిగాయన్నమాట.

శుభ్రం చేశాక అకస్మాత్తుగా వాయిద్యమంతా మూగబోతే భయపడనక్కర్లేదు. పిస్టన్లు తారుమారై ఉంటాయి. ప్రతి పిస్టన్ మీద 1, 2, 3 అంకెలు చెక్కి ఉంటాయి. దేని గూట్లో దాన్ని, దాని గాడిలోనే పెట్టాలి.

పాత వాయిద్యాల్లో పిస్టన్ అరిగి, దానికీ గూటికీ మధ్య సందు పెరుగుతుంది. దీన్ని గుర్తించే పరీక్షకు ఖర్చు లేదు. వాల్వు నొక్కకుండా దాని స్లైడును గబుక్కున లాగాలి. బిరడా తీసినట్టు టప్పుమని చప్పుడొస్తే గాలి నిలుస్తోందని అర్థం. నిశ్శబ్దంగా వచ్చేస్తే కారుతోంది. కొంచెం చిక్కటి వాల్వు ఆయిల్ వేయగానే స్వరం విచ్చుకుంటే అరుగుదలే కారణమని ఖాయమవుతుంది. కొబ్బరినూనె, వంటనూనె వాడడం పెద్ద పొరపాటు. అవి నెల తిరక్కుండానే జిడ్డుకట్టి పిస్టన్‌ను పట్టేస్తాయి. పిస్టన్‌ను మెరుగుపొడితో రుద్దడం ఇంకా ఘోరం. ప్రతి రుద్దుకూ లోహం పోయి సందు పెరుగుతూనే ఉంటుంది.

గాలి కారడం, లోపలి మురికి

నీళ్లు వదిలే తాళాల కార్కులు, గొట్టాల అతుకులు మొదట చూడవలసిన చోట్లు. దిబ్బడ స్వరాన్ని నెమ్మదిగా పలికిస్తూ ఇంకొకరు ఆ తాళం కార్కును వేలితో నొక్కి పట్టాలి. స్వరం మెరుగుపడితే జబ్బు దొరికినట్టే. అతుకుల మీద సబ్బు నీళ్లు రాసి, గంటను తడిగుడ్డతో మూసి మెల్లగా ఊదితే కారే చోట బుడగలు వస్తాయి. దొరికిన అతుకును టంకంతో మూయవచ్చు, కానీ ఆ పని పల్చటి ఇత్తడి మీద అలవాటున్నవాళ్లే చేయాలి. బస్తర్‌లోని కొండగావ్ ఢోక్రా కళాకారులు లోహం పోతలో ప్రపంచానికి తెలిసిన నిపుణులే అయినా మైనపు అచ్చులో లోహం పోయడం వేరు, అర మిల్లీమీటరు మందం ఉన్న గొట్టానికి అతుకు వేయడం వేరు. మోటు మంట తగిలితే పక్కనున్న నాలుగు అతుకులు ఊడతాయి.

ఇత్తడి మీద గులాబీ రంగు మచ్చలు, వాటి మధ్య చుక్కంత నల్ల రంధ్రం కనిపిస్తే అది లోపలి నుంచి తినేసిన ఇత్తడి. రాగి, జింకు మిశ్రమంలోంచి జింకు కరిగిపోయి సచ్ఛిద్రమైన రాగి మిగులుతుంది. పైన మెరుగుపెట్టినా ప్రయోజనం ఉండదు. ఆ గొట్టం మార్చాల్సిందే. టీ, పాన్, గుట్కా నోట్లో ఉంచుకుని వాయిస్తే లోపల పేరుకునే పొర ఈ కుళ్లును తొందరపెడుతుంది. వాయించే ముందు నోరు పుక్కిలించుకోవడం వాద్యకారులు అలవాటు చేసుకోవాలి.

మూలన పెట్టిన ట్యూబాలో మట్టిగూళ్లు కట్టే కందిరీగలు, బొద్దింకలు చేరతాయి. ఎప్పుడో గంటలో కుక్కిన గుడ్డ అడుగు వంపులో ఇరుక్కుని ఉండడమూ జరుగుతుంది. అన్ని స్వరాలూ ఒక్కసారిగా అణిగితే ముందు వాయిద్యాన్ని తిప్పి, కదిపి వినాలి. కడగడానికి గోరువెచ్చని నీళ్లు, మెత్తటి సబ్బు, పొడుగాటి తీగ బ్రష్షు చాలు. పిస్టన్లు, ఫెల్టులు విడిగా తీసి కడగాలి. ఇంట్లో ఇత్తడి బిందెలకు చింతపండు రుద్దే అలవాటును ట్యూబా దాకా తీసుకురాకూడదు. పులుపు స్ప్రింగులను తుప్పు పట్టిస్తుంది, మూలల్లో మిగిలి ఇత్తడిని తింటుంది.

పుట్టుకతో వచ్చే దిబ్బడ

కొన్ని స్వరాలు వాయిద్యం లెక్కలోనే దిబ్బడగా ఉంటాయి. వీటిని జబ్బనుకుని మరమ్మతుకు పంపితే డబ్బు వృథా. మొదటి వాల్వు గొట్టాన్ని సుమారు 12.2 శాతం, రెండోది 5.9 శాతం, మూడోది 18.9 శాతం పొడిగిస్తాయి. మూడూ కలిపి నొక్కితే 37 శాతం పెరుగుతుంది. కానీ ఆరు అరస్వరాలు దిగడానికి 41.4 శాతం కావాలి. బి ఫ్లాట్ ట్యూబాలో ఈ లోటు దాదాపు 9 అంగుళాలు. స్వరం పైశ్రుతిలో పడుతుంది. దాన్ని వాద్యకారుడు పెదవులతో కిందికి లాగుతాడు. గొట్టం సహజస్థానం నుంచి లాగిన ఏ స్వరమైనా అణుగుతుంది. నాలుగో వాల్వు ఉంటే 1, 2, 3 బదులు 2, 4 కలిపి నొక్కాలి; 1, 3 బదులు ఒక్క 4 చాలు. మూడే వాల్వులుంటే మొదటి స్లైడును ఎడమచేత్తో అంగుళం రెండంగుళాలు బయటికి లాగి వాయించాలి.

డేవిడ్ బ్లైక్లీ 1874లో రూపొందించిన పరిహార వాల్వు విధానం ఈ లోటును తనంతట తానే పూడుస్తుంది. కానీ నాలుగో వాల్వు నొక్కగానే గాలి మిగిలిన వాల్వుల్లోంచి రెండోసారి, బిగుతైన వంపుల మీదుగా నడవాలి. అందుకే ఆ విధానం ఉన్న యుఫోనియం, ట్యూబాల్లో అడుగు స్వరాలు కొంచెం దిబ్బడగానే ఉంటాయి. దాన్ని ఊపిరితో సర్దుకోవాలి.

ఎండాకాలం, వానాకాలం

గొట్టం లోపలి గాలి ఒక డిగ్రీ వేడెక్కితే శ్రుతి దాదాపు 3 సెంట్లు పైకి పోతుంది. ఒక అరస్వరంలో 100 సెంట్లు. పది డిగ్రీల తేడా అంటే అరస్వరంలో మూడో వంతు. మే నెల మధ్యాహ్నం శబరి లోయలో ఎండలో నిలబడి వాయించే బ్యాండు ఈ తేడాను మోయవలసిందే. శ్రుతి స్లైడు లాగకుండా, అందరూ పెదవులతోనే స్వరాలను కిందికి వంచుకుంటూ పోతే మేళమంతా దిబ్బడ పడుతుంది. మరమ్మతు అక్కర్లేని జబ్బుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. శ్రుతి స్లైడు బిగిసిపోయి కదలకపోవడం అందుకే చిన్న లోపం కాదు. దానికి గ్రీజు రాసి వారానికోసారి కదుపుతూ ఉండాలి.

వానాకాలంలో ఫెల్టు తేమ పీల్చి ఉబ్బి వాల్వుల స్థానం మారుతుంది. ఊపిరి తేమ గొట్టంలో నీరై చేరి గరగరమంటుంది; తాళం తెరిచి వదిలినా పోకపోతే ఆ నీరు ఏదో వాల్వు స్లైడులో నిలిచి ఉంటుంది. స్లైడు తీసి వంచి పోయాలి.

మరమ్మతుకు పంపేముందు

దోర్నపాల్ లాంటి ఊరి నుంచి ట్యూబాను మీరట్‌కో హైదరాబాద్‌కో పంపడం చిన్న ఖర్చు కాదు, తిరిగొచ్చేలోపు మేళానికి అడుగు స్వరం ఉండదు. పైన చెప్పిన పరీక్షల్లో ఏదీ ఒక పూటకు మించదు. సబ్బు, టార్చి, అద్దం, ఆయిల్ సీసా ఉంటే చాలు. అవన్నీ చేశాక కూడా దిబ్బడ పోకపోతేనే వాయిద్యాన్ని కట్టండి. చెడిన స్వరాల పేర్లు, వాటికి నొక్కే వాల్వుల అంకెలు, ఇక్కడ చేసి చూసిన పరీక్షల ఫలితాలు ఒక కాగితం మీద రాసి కేసులో పెట్టండి. “సౌండు బాగాలేదు” అన్న ఒక్క మాటతో పంపిన ట్యూబా పైసొట్టలు తీయించుకుని, మెరుగు పెట్టించుకుని, అదే దిబ్బడతో తిరిగి వస్తుంది.